నాయ్‌బరిన్ ఆ కోణంగిని నిజంగా తగలబెట్టిందా? (18వ శతాబ్దం జర్మన్ నాటక సమాజం నాయకురాలి గురించి)

తెరతాడు · శుక్రవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. యూరప్ నాటక చరిత్ర మీద పుస్తకం తెరిస్తే జర్మనీ దగ్గరకొచ్చేసరికి ఒక వాక్యం తగులుతుంది. 1737లో లైప్జిగ్‌లో కారొలీనె నాయ్‌బర్ అనే ఆవిడ హాన్స్‌వుర్స్ట్ అనే కోణంగిని వేదిక మీద నుంచి వెళ్లగొట్టింది అని. కొందరు ఇంకాస్త ఉప్పూకారం చల్లి, వాడి బొమ్మను చితి పేర్చి కాల్చింది అంటారు. ఆవిడ కథ అక్కడితో సరి. ముందు 40 ఏళ్లు, తర్వాత 23 ఏళ్లు ఏం చేసిందో ఎవరికీ పట్టదు.

రెండు నెలలుగా దొరికినదల్లా చదువుతున్నాను. క్లుప్తంగా చెప్తాను, తర్వాత మీరు అందుకోండి.

1697 మార్చి 9న సాక్సనీలోని రైఖెన్‌బాఖ్‌లో పుట్టింది. తండ్రి డానియెల్ వైసెన్‌బోర్న్ లాయరు. కాపురం తర్వాత ట్స్విక్కావుకి మారింది. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి చెయ్యి చేసుకునే రకం. 1712లో, 15 ఏళ్ల వయసులో, తండ్రి దగ్గర గుమాస్తాగా ఉన్న గాట్‌ఫ్రీడ్ ట్సోర్న్‌తో ఇల్లు వదిలి పారిపోయింది. పట్టుకున్నారు. కేసు నడిచింది, కొన్ని నెలలు జైల్లో ఉంది, మళ్లీ ఆ ఇంటికే చేరింది. 1717లో రెండోసారి పారిపోయింది. ఈసారి యోహాన్ నాయ్‌బర్ అనే విద్యార్థితో. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవాళ్లు. వైసెన్‌ఫెల్స్‌లో ష్పీగెల్‌బెర్గ్ అనే ఆయన నాటక సమాజంలో చేరారు. 1718 ఫిబ్రవరిలో బ్రౌన్‌ష్వైగ్‌లో పెళ్లి చేసుకున్నారు. తర్వాత హాక్, హోఫ్‌మాన్‌ల సమాజంలో కొన్నేళ్లు. 1727లో సొంత సమాజం.

నాయ్‌బరిన్ అంటే ‘నాయ్‌బర్ గారి ఆవిడ’ అన్నట్టు. అప్పట్లో ఆడవాళ్ల ఇంటిపేరు చివర ‘ఇన్’ చేర్చేవారు. జనం ఆ పేరే వాడారు కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.

నా ప్రశ్న: హాన్స్‌వుర్స్ట్‌ను గెంటడం కళ కోసమా, వ్యాపారం కోసమా?

కందిపొడి · రాత్రి 9:52

ముందు ఈ హాన్స్‌వుర్స్ట్ ఎవరో చెప్పండి బాబూ. హార్లెకిన్ అని కూడా చదివాను. ఇద్దరూ ఒకడేనా?

తెరతాడు · రాత్రి 10:05

ఒకే వంశం, వేరే వేరే ఊళ్లు అనుకోండి. హార్లెకిన్ ఇటలీ నుంచి వచ్చాడు, రంగురంగుల ముక్కల చొక్కా వాడి గుర్తు. హాన్స్‌వుర్స్ట్ అచ్చం స్థానికుడు. పేరుకి అర్థం ‘సాసేజి హాన్సు’. వియన్నాలో స్ట్రానిట్స్కీ అనే నటుడు వాడిని సాల్జ్‌బర్గ్ రైతు వేషంలో ఆడి ఊరంతా ఊపేశాడు. అంతకుముందు, 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ నుంచి జర్మనీకి వచ్చిన నటుల జట్లు పికిల్‌హేరింగ్ అనే కోణంగిని తెచ్చాయి. భాష రాని జనానికి కథ అర్థమైనా కాకపోయినా వాడు తూలిపడితే నవ్వొచ్చేది.

వీళ్లందరి పనీ ఒకటే. రాజు చనిపోతున్న సీనులో మధ్యలో దూరి బూతు జోకు వేయడం. రాసుకున్న మాటలు ఉండవు, అప్పటికప్పుడు నోటికొచ్చింది.

మూడో గంట · రాత్రి 10:20

మన తోలుబొమ్మలాటలో కేతిగాడు లాంటివాడన్నమాట. రామరావణ యుద్ధం మధ్యలో వచ్చి బంగారక్కతో గొడవ పెట్టుకుంటాడు, నిద్రపోయే పిల్లలు లేచి కూర్చుంటారు.

పాతపుస్తకాల పిచ్చి · రాత్రి 10:31

అర్థం కావడానికి ఆ పోలిక చాలు గానీ అక్కడితో ఆపుదాం. కేతిగాడిని తీసేయాలని మన ప్రొఫెసరు ఎవరూ పుస్తకం రాయలేదు. జర్మనీలో రాశారు, ఆయన పేరు గోట్‌షెడ్. ఈ కథలో సగం ఆయనదే.

యోహాన్ క్రిస్టోఫ్ గోట్‌షెడ్ లైప్జిగ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు. ఆయన బాధ ఏమిటంటే, ఫ్రెంచివాళ్లకి కోర్నెయ్, రాసీన్ లాంటి నాటకకర్తలు ఉన్నారు, మనకేమో తల తెగే నాటకాలూ సాసేజి హాన్సూ. జర్మన్ భాషలో నియమాలున్న నాటకం కావాలి. పన్నెండు అక్షరాల లెక్కన నడిచే ప్రాస పద్యాల్లో, ఒకే చోట, ఒకే రోజులో జరిగే కథ. కాగితం మీద రాయగలడు గానీ ఆడేది ఎవరు? తిరిగే సమాజాలన్నీ టికెట్టు డబ్బులకి కోణంగి మీదే ఆధారపడి ఉన్నాయి. అప్పుడు ఒప్పుకున్నది నాయ్‌బరిన్ ఒక్కతే.

నిజానికి ఆయన 1725లోనే ఆవిడని గమనించి తన పత్రికలో మెచ్చుకున్నాడు. దేనికో తెలుసా? ఒక నాటకంలో యేనా, హాలె, విట్టెన్‌బెర్గ్, లైప్జిగ్ విద్యార్థులు నలుగురి వేషాలూ ఒక్కతే కట్టి, ఒక్కో ఊరి కుర్రాడి నడక, మాట, పొగరు వేరువేరుగా చూపించినందుకు. మగవేషాల్లో ఆవిడకి తిరుగులేదు. అంటే ప్రొఫెసరుగారు మొదట మెచ్చుకున్నది కామెడీని!

లాయర్ బాబాయ్ · రాత్రి 11:15

తెరతాడు గారి ప్రశ్నకి నా జవాబు: వ్యాపారం. కాగితాలు చూడండి, తెలిసిపోతుంది.

ఆ రోజుల్లో నాటకం ఆడాలంటే పాలకుడి దగ్గర హక్కుపత్రం ఉండాలి. నాయ్‌బర్ దంపతులకి 1727లో సాక్సనీ పాలకుడి నుంచి అది దొరికింది. ఆయనే పోలండ్ రాజు కూడా, బలశాలి ఆగస్టు అని పేరు. కాగితం మీద భర్త పేరే, సమాజాన్ని నడిపింది మాత్రం ఆవిడ. ఆ కాగితం విలువ లైప్జిగ్‌లో తెలుస్తుంది. లైప్జిగ్‌లో ఏడాదికి మూడు పెద్ద సంతలు: కొత్త సంవత్సరానికి ఒకటి, ఈస్టర్‌కి ఒకటి, సెప్టెంబరు చివర్లో ఇంకొకటి. యూరప్ నలుమూలల నుంచి వ్యాపారులు దిగుతారు. పగలు బేరాలు, రాత్రి నాటకం. ఆ సంతల్లో ఆడే హక్కు ఉన్నవాడే బతుకుతాడు. మిగతా రోజుల్లో దొరికిన ఊళ్లో దొరికినంత.

1733 ఫిబ్రవరి 1న ఆగస్టు చనిపోయాడు. రెండు దెబ్బలు ఒకేసారి. ఒకటి, సంతాపం కాబట్టి నాటకాలు బంద్. రెండు, రాజిచ్చిన హక్కు రాజుతోనే పోయింది. కొత్త పాలకుడి దగ్గర మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. ఆ సందులో యోజెఫ్ ఫెర్డినాండ్ మ్యూలర్ అనే ఆయన దూరి హక్కు తన్నుకుపోయాడు. వీళ్లు ఆడుతున్న హాలు, మాంసం కొట్ల పైనున్నది, అది కూడా ఖాళీ చేయాల్సి వచ్చింది.

ఈ మ్యూలర్ ఎవరు? పాత సమాజంలో వీళ్లతో కలిసి పనిచేసిన నటుడు. ఏ వేషం కట్టేవాడు? హార్లెకిన్!

ఇప్పుడు 1737 అక్టోబరుకి రండి. నాయ్‌బరిన్ ఊరి బయట బోజె తోట దగ్గర కొయ్యపాకలో ఆడుతోంది. పట్నం లోపల మ్యూలర్, హార్లెకిన్ చొక్కా వేసుకుని. ఆవిడ వేదిక మీద హార్లెకిన్‌ని దోషిగా నిలబెట్టి వెళ్లగొట్టింది. ఇది కళా ఉద్యమమా? ఎదుటి కొట్టు బోర్డు మీద పేడ కొట్టడం అంటారు దీన్ని.

మూడో గంట · రాత్రి 11:28

బాబాయ్ గారూ 😀 కోర్టులో ఇలాగే వాదిస్తారా?

పాతపుస్తకాల పిచ్చి · శనివారం ఉదయం 7:10

లాయర్ గారి వరస బాగుంది గానీ ఒక చోట కుదరదు. మ్యూలర్‌తో గొడవ 1733లో మొదలైంది. పద్య నాటకాలు ఆడటం ఆవిడ అంతకుముందే మొదలుపెట్టింది. కోర్నెయ్ ‘సిడ్’ ఆడింది, ప్రదోన్ ‘రెగ్యులస్’ ఆడింది. గోట్‌షెడ్ సొంత నాటకం ‘మరణిస్తున్న కేటో’ 1731లో ఆవిడే తెర మీదికి తెచ్చింది. అప్పుడు చేతిలో హక్కు ఉంది, హాలు ఉంది, పోటీ లేదు. హాయిగా కోణంగితో డబ్బులు చేసుకోవచ్చు. అయినా కష్టమైన దారి పట్టింది. ఊరూరి నుంచి దంపతులిద్దరూ గోట్‌షెడ్‌కి ఉత్తరాలు రాసేవారు, ఏ నాటకం ఎక్కడ ఎలా ఆడిందో చెబుతూ. వ్యాపారమే అయితే అంత అవసరం లేదు.

ఇక తగలబెట్టడం. ఆ రోజు జరిగింది ఆవిడే రాసుకున్న చిన్న పూర్వరంగం లాంటి నాటిక. నాటకానికి ముందు ఇలాంటివి రాయడం ఆవిడకి అలవాటు, మ్యూలర్‌తో తగాదా మీద కూడా 1734లో ఒకటి రాసింది. కాబట్టి జరిగింది వేదిక మీద విచారణ, బహిష్కారం. మంటలు తర్వాత చెప్పుకున్నవాళ్ల నోళ్లలో రాజుకున్నాయి.

దీనికి అసలు మసాలా తర్వాతి తరం నాటకకర్త లెస్సింగ్ 1767లో వేశాడు. ఆయన మాటల సారం ఇది: వాళ్లు తీసేసింది రంగుల చొక్కానీ పేరునీ మాత్రమే, కోణంగిని అలాగే ఉంచుకున్నారు. నాయ్‌బరిన్ కూడా ఆ తర్వాత వాడు ముఖ్యపాత్రగా ఉన్న నాటకాలు బోలెడు ఆడింది. కాకపోతే ఆవిడ దగ్గర వాడి పేరు హెన్షెన్, అంటే ‘చిన్ని హాన్సు’. మచ్చల చొక్కా బదులు తెల్ల బట్టలు.

కందిపొడి · ఉదయం 7:35

అంటే పేరు మార్చి, బట్టలు మార్చి, మళ్లీ పనిలో పెట్టుకుంది!

లాయర్ బాబాయ్ · ఉదయం 7:50

నేను చెప్పింది అదే కదమ్మా.

మూడో గంట · ఉదయం 9:05

నేను పరిషత్తు నాటకాలు ఆడేవాడిని, ముప్పై ఏళ్లుగా. మీ వాదన ఇద్దరిదీ విన్నాను. నా బుర్ర ఇంకో చోట ఆగిపోయింది.

నిన్న రాత్రి చదివాను. 1735లో హాంబర్గ్‌లో ఎనిమిది నెలలు ఉన్నారట. 203 సాయంత్రాలు ఆడారు. 75 పెద్ద నాటకాలు, 93 చిన్న ప్రహసనాలు. మళ్లీ చదవండి, 75 వేరువేరు నాటకాలు!

మేం ఏడాదికి ఒక నాటిక పట్టుకుంటాం. నలభై ఐదు నిమిషాలది. రెండు నెలలు రిహార్సల్స్. అయినా మూడో గంట కొట్టేసరికి చేతులు చెమటలు పడతాయి. వీళ్లు వారానికి రెండు మూడు కొత్తవి దించుతున్నారు. అవి కూడా ఏవి? ప్రాసతో నడిచే పద్యాలు. అంతకుముందు కథ చెప్పేస్తే మాటలు వాళ్లే అల్లుకునే నటులు. అలాంటివాళ్ల చేతికి కాగితం ఇచ్చి, ఇందులో ఒక్క అక్షరం మారినా పద్యం కుంటుతుంది అని చెప్పిందంటే, జట్టులో ఎన్ని అలకలు, ఎన్ని తిట్లు ఉండి ఉంటాయో నేను ఊహించగలను. కోణంగిని వెళ్లగొట్టడం ఒక సాయంత్రం పని. దీనికి రోజూ కూర్చోబెట్టాలి.

ఇంకో సంగతి. పెళ్లికాని ఆడపిల్లలు ఆవిడ ఇంట్లోనే ఉండాలి. పెళ్లికాని మగవాళ్లు ఆవిడ బల్ల దగ్గరే భోంచేయాలి. ఖాళీ ఉన్నవాళ్లు తెరలకి రంగులేయాలి, బట్టలు కుట్టాలి. నాకైతే ఉమ్మడి కుటుంబంలా కనిపిస్తోంది.

చుక్కల చీర · ఉదయం 9:40

ఉమ్మడి కుటుంబం అని మురిసిపోకండి అన్నా. ఆ నియమం ఎందుకు పెట్టింది? నాటకాల వాళ్లంటే ఊరికి చులకన. ఆడవాళ్లంటే మరీనూ. ఏ ఊరు వెళ్లినా చర్చి పెద్దలు, నగర పెద్దలు ముందు అడిగేది మీ ఆడవాళ్ల నడత ఏమిటని. అనుమతి రావాలంటే మచ్చ పడకూడదు. అందుకే వాళ్లని కళ్లముందు ఉంచుకుంది. 15 ఏళ్లకే జైలు చూసిన మనిషి. ఊరి నోటికి దొరికితే ఏమవుతుందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఈవిడకంటే ముందు కూడా ఒకావిడ ఉంది. యోహానెస్ ఫెల్టెన్ అనే పెద్ద నాటక సమాజం నాయకుడు పోయాక ఆయన భార్య కతరీనా ఎలిజబెత్ ఫెల్టెన్ సమాజాన్ని నడిపింది. మాగ్డెబర్గ్‌లో ఒక పాదరీ నాటకాలు పాపం అని పుస్తకం వేస్తే, 1701లో ఈవిడ జవాబుగా పుస్తకం అచ్చు వేయించింది. భర్త పోతే సమాజం భార్య చేతికి రావడం అప్పటికి కొత్తేమీ కాదు. నాయ్‌బరిన్‌లో కొత్తదనం ఏంటంటే భర్త బతికుండగానే పగ్గాలు ఆవిడ చేతిలో ఉన్నాయి, ఆయన అర్జీలు రాస్తూ పక్కన నిలబడ్డాడు. నలభై ఏళ్ల పైన కాపురం. ఆయన గురించి ఎవరూ ఒక్క ముక్క రాయరు పాపం.

తెరతాడు · ఉదయం 11:00

చుక్కల చీర గారూ, మంచి మాట చెప్పారు. యోహాన్ గురించి నేనూ ఒకటిన్నర వాక్యంతో సరిపెట్టాను.

కథ ముందుకి నడుపుతాను. హక్కు పోయాక తిరుగుడు మొదలైంది. హాంబర్గ్, ల్యూబెక్, కీల్, ఫ్రాంక్‌ఫర్ట్, స్ట్రాస్‌బర్గ్. 1740లో హాంబర్గ్ వదిలేటప్పుడు వేదిక మీద నిలబడి మీకు రుచి తెలియదని జనాన్నే దులిపేసింది. అప్పటికి చేతిలో రష్యా పిలుపు ఉంది. సామ్రాజ్ఞి ఆన్నా ఇవానొవ్నా దర్బారుకి రమ్మన్నారు. పీటర్స్‌బర్గ్‌లో దిగారు, అంతా బాగుంది అనుకునేలోపు ఆ ఏడాది అక్టోబరులోనే సామ్రాజ్ఞి పోయింది. మళ్లీ మూటాముల్లె.

1733లో ఒక రాజు చావు, 1740లో ఒక రాణి చావు. ఆవిడ రాతని గోట్‌షెడ్ కంటే వీళ్లిద్దరే ఎక్కువ మార్చారని నాకు అనిపిస్తుంది.

మూడో గంట · ఉదయం 11:25

ఇది నాకు బాగా తెలిసిన బాధ. మా కుర్రతనంలో ఒకసారి ఓ ఊళ్లో పందెం నాటకాలకి సెట్టు దించుకుని, మేకప్ వేసుకుని కూర్చున్నాం. సాయంత్రం ఆరింటికి రేడియోలో వార్త, ఎవరో పెద్ద నాయకుడు పోయారని. మూడు రోజులు సంతాపం. అడ్వాన్సు ఇచ్చినాయన మళ్లీ కనబడలేదు. ముఖానికి రంగుతోనే లారీ ఎక్కాం. మాకైతే ఉద్యోగాలున్నాయి కాబట్టి నవ్వుకున్నాం. ఆవిడకి అదే కూడు.

పాతపుస్తకాల పిచ్చి · మధ్యాహ్నం 12:10

రష్యా నుంచి తిరిగొచ్చేసరికి ఇంకో దెబ్బ కాచుకుని ఉంది. ఆవిడ దగ్గర తయారైన షోన్‌మాన్ అనే నటుడు 1740లో సొంత సమాజం పెట్టుకున్నాడు, గోట్‌షెడ్ ఆశీర్వాదం అటు తిరిగింది. గోట్‌షెడ్‌తో చెడింది అంతకుముందే. వోల్టేర్ ‘అల్జీర్’ నాటకానికి గోట్‌షెడ్ భార్య చేసిన అనువాదం కాదని నాయ్‌బరిన్ వేరే అనువాదం ఆడింది. ప్రొఫెసరుగారి ఇంట్లో ఆ రోజు కాఫీ చేదుగా ఉండి ఉంటుంది.

ఆ తర్వాత 1741 సెప్టెంబరు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం.

గోట్‌షెడ్ ఎప్పటినుంచో ఒకటి చెప్తుండేవాడు: రోమన్ పాత్రలకి రోమన్ దుస్తులే వేయాలి. అప్పటి ఆచారం వేరు. కేటో అయినా సీజర్ అయినా పౌడరు విగ్గు, దర్బారు కోటు. నాయ్‌బరిన్ వినేది కాదు. ఇప్పుడు ఆయన ‘కేటో’ మూడో అంకం తీసుకుని, ఆయన చెప్పినట్టే రోమన్ బట్టలు వేయించింది. ఉట్టి కాళ్లలా కనబడటానికి ఒంటిరంగు మేజోళ్లు తొడిగించింది. జనం పగలబడి నవ్వారు. ఆయన సలహానే ఆయన మీద ప్రహసనం చేసింది.

అక్కడితో ఆగలేదు. సెప్టెంబరు 18న ‘అన్నిటికంటే విలువైన నిధి’ అని సొంత నాటిక. అందులో ‘తప్పులెన్నేవాడు’ అని ఒక పాత్ర. రాత్రిని మనిషిగా చూపే వేషం, చుక్కలు కుట్టిన అంగీ, గబ్బిలం రెక్కలు, తల మీద తగరపు సూర్యుడు, చేతిలో దొంగలాంతరు. ఆ లాంతరు పట్టుకుని తప్పులు వెతుకుతూ తిరుగుతాడు. ఎవరో అందరికీ తెలుసు.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. బట్టల విషయంలో గోట్‌షెడ్‌దే ఒప్పు. తర్వాతి తరాలు ఆయన చెప్పిన దారికే వచ్చాయి. నవ్వించింది ఆవిడ, నెగ్గింది ఆయన మాట.

లాయర్ బాబాయ్ · మధ్యాహ్నం 12:30

ఇక్కడ నేను ఓడిపోతున్నాను. వ్యాపారం చూసుకునే మనిషి ఊళ్లో అందరికంటే పలుకుబడి ఉన్న ప్రొఫెసరుని గబ్బిలం చేయదు.

కందిపొడి · మధ్యాహ్నం 12:34

బాబాయ్ ఓడిపోయారు! స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

లాయర్ బాబాయ్ · మధ్యాహ్నం 12:41

1741 మీద ఓడిపోయాను. 1737 మీద అప్పీలుకి వెళ్తాను.

చుక్కల చీర · సాయంత్రం 4:15

లెస్సింగ్ పేరు వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. లైప్జిగ్‌లో చదువుకోవడానికి వచ్చిన పాదరీ కొడుకు అతను. క్లాసుల కంటే నాయ్‌బరిన్ నాటకాల చుట్టూ ఎక్కువ తిరిగాడు. టికెట్టు కొనడానికి డబ్బుల్లేక, స్నేహితుడు వైసెతో కలిసి ఫ్రెంచి నాటకాలు అనువాదం చేసిచ్చి ఊరికే చూసేవాడు. అతని మొదటి నాటకం ‘యువ పండితుడు’ 1748 జనవరిలో ఆవిడే ఆడించింది. 19 ఏళ్లు కూడా నిండలేదు అప్పటికి. ఒక కుర్రాడు రాసింది చదివి, పేరున్న సమాజంతో ఆడించడం అంటే మాటలా? తర్వాత జర్మన్ నాటకాన్ని గోట్‌షెడ్ చేతిలోంచి లాగేసింది ఆ కుర్రాడే.

కానీ ఆ ఏడాదే సమాజం బీటలు వారింది. కోఖ్ లాంటి ముఖ్య నటులు వియన్నాకి వెళ్లిపోయారు. నటుల అప్పులకి లెస్సింగ్ హామీ ఉన్నాడు పాపం. వాళ్లు కట్టలేదు, అప్పులవాళ్లు ఇతని మీద పడ్డారు, లైప్జిగ్ వదిలి పోవాల్సి వచ్చింది. నాటకాల పిచ్చికి అతను కట్టిన ఫీజు అది.

తెరతాడు · సాయంత్రం 5:00

1750లో సమాజం పూర్తిగా మూసేసింది. 1753లో నటిగా వియన్నా వెళ్లింది, 56 ఏళ్ల వయసులో. వియన్నా అంటే హాన్స్‌వుర్స్ట్ పుట్టిల్లు! స్ట్రానిట్స్కీ తర్వాత ప్రేహౌజర్ అనే నటుడు ఆ వేషం అందుకుని అప్పటికీ ఆడుతూనే ఉన్నాడు. లైప్జిగ్‌లో తను వెళ్లగొట్టినవాడి రాజధానిలో పని వెతుక్కోవాల్సి వచ్చింది. ‘గొల్లల పండుగ’ అని ఒక నాటకం రాసి ఆడించింది గానీ అక్కడ నిలదొక్కుకోలేదు. ఆవిడ నటన అప్పటికి పాత పద్ధతి అయిపోయింది.

చివర్లో దంపతులిద్దరికీ డ్రెస్డెన్‌లో లోబర్ అనే డాక్టరు ఇంట్లో చోటిచ్చాడు. ఏడేళ్ల యుద్ధం మొదలైంది. 1759లో యోహాన్ పోయాడు. 1760 వేసవిలో ప్రష్యా సైన్యం డ్రెస్డెన్ మీద ఫిరంగులు పేల్చింది. నాయ్‌బరిన్ ఊరి బయట ఎల్బా నది ఒడ్డున లౌబెగాస్ట్ అనే పల్లెకి చేరింది. ఆ నవంబరు చివర్లో అక్కడే కన్నుమూసింది.

ఒక నటి తన ఇంట్లో చావడానికి ఇంటాయన ఒప్పుకోలేదని, మరో ఇంటికి మార్చారని చెప్పుకుంటారు. లోయ్‌బెన్ శ్మశానంలో పాదరీ గేటు తీయకపోతే శవపేటికని గోడ మీద నుంచి దించారనీ అంటారు. కథలే కావచ్చు. యోహానెస్ ఫెల్టెన్ గురించి కూడా, చావు పడక మీద పాదరీ సంస్కారం నిరాకరించాడని ఇలాంటి కథే ఉంది. నాటకాల వాళ్ల చావుకి ఇలాంటి కథ ఒకటి అతుక్కుంటూనే ఉంటుంది.

ఎల్బా ఒడ్డు · ఆదివారం మధ్యాహ్నం 2:20

ఇన్నాళ్లూ చదివి పోయేవాడిని, మొదటిసారి రాస్తున్నాను. డ్రెస్డెన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను, ఊరు కాకినాడ. నిన్న రాత్రి మీ థ్రెడ్ చదివాక నిద్రపట్టలేదు, పొద్దున్నే ట్రామ్ ఎక్కి లౌబెగాస్ట్ వెళ్లాను. నా గది నుంచి అరగంట. ఏడాదిన్నరగా ఇక్కడుంటున్నాను, ఆ ట్రామ్ ముందు ‘లౌబెగాస్ట్’ అని రోజూ చూస్తున్నాను, ఒక్కసారి కూడా వెళ్లలేదు.

అక్కడ ఆవిడ స్మారకం ఉంది. మొదట పెట్టింది 1776లో, అంటే పోయిన 16 ఏళ్లకి. మీద రాసింది చదవడానికి కాస్త టైమ్ పట్టింది. అర్థం దాదాపు ఇలా: పురుష మనస్సు నిండిన ఒక స్త్రీకి, తన కాలంలో అందరికంటే పేరుపొందిన నటికి, జర్మన్ వేదిక మీద మంచి అభిరుచికి మూలకారకురాలికి. నేను నిలబడి ఉండగా ఒక ముసలావిడ కుక్కతో వచ్చి, నాకు జర్మన్ వచ్చా అని అడిగి, గోడ మీద నుంచి దించిన కథ మొత్తం చెప్పింది. ఎవరో తన పక్కింటావిడ గురించి చెప్పినట్టు చెప్పింది.

తర్వాత లోయ్‌బెన్ కూడా నడిచాను. పాత చర్చిలో గోపురం ఒక్కటే మిగిలింది.

చుక్కల చీర · మధ్యాహ్నం 2:45

తమ్ముడూ, వెళ్లినందుకు చాలా థాంక్స్. కానీ ‘పురుష మనస్సు’! రాతి మీద చెక్కారా అది? 23 ఏళ్లు సమాజం మోసిన ఆడమనిషిని మెచ్చుకోవడానికి వాళ్లకి వేరే మాటే దొరకలేదు. లెస్సింగ్ కూడా ఇలాగే రాశాడు, ఆవిడ దృష్టి మగవాడి దృష్టి, అలంకారాల మోజు మాత్రం ఆడదని పట్టిస్తుందని.

పాతపుస్తకాల పిచ్చి · మధ్యాహ్నం 3:05

ఆ కాలానికి అదే పెద్ద పొగడ్త అనుకోవాలేమో.

చుక్కల చీర · మధ్యాహ్నం 3:08

ఆ కాలానికి అనుకున్నాను. అయినా ఒళ్లు మండింది.

ఎల్బా ఒడ్డు · మధ్యాహ్నం 3:30

లైప్జిగ్ నగరం 1998 నుంచి ఆవిడ పేరు మీద అవార్డు ఇస్తోంది అక్కా. రైఖెన్‌బాఖ్‌లో పుట్టిన ఇంటిని మ్యూజియం చేశారు. సెమిస్టర్ అయిపోగానే అక్కడికి వెళ్తాను, ఫొటోలు పెడతాను.

లాయర్ బాబాయ్ · మధ్యాహ్నం 3:50

బాబూ, అక్కడ 1727 హక్కుపత్రం నకలు ఏదైనా పెట్టి ఉంటే ముందు అది తీసి పంపు. మిగతావన్నీ తర్వాత.

మూడో గంట · రాత్రి 8:15

అందరికీ ఒక మాట. వచ్చే సంక్రాంతి పరిషత్తుకి ఇది నాటికగా వేయాలని ఉంది. మొత్తం జీవితం కాదు, 1741 సెప్టెంబరు ఒక్కటే. తెర వెనక ఆవిడ, యోహాన్, మేజోళ్లు తొడుక్కోనని మొరాయించే కేటో వేషగాడు. బయట జనం నవ్వు వినబడుతూ ఉంటుంది. తెరతాడు గారు మాటలు రాస్తానంటే మిగతాది నేను చూసుకుంటాను. యోహాన్‌కి ఒక మంచి సీను ఉండాలి, చుక్కల చీర గారి కోసం.

ఖర్చు లెక్క వేస్తున్నాను. గబ్బిలం రెక్కలకి పాత గొడుగు గుడ్డ సరిపోతుందా?

తెరతాడు · రాత్రి 8:40

మాటలు రాస్తాను. గొడుగు సరిపోతుంది, పుల్లలు మాత్రం తీసేయకండి.

కందిపొడి · రాత్రి 8:44

గోట్‌షెడ్ వేషం బాబాయ్‌కి ఇవ్వండి.